వారం రోజుల స్కౌట్ శిబిరం: బ్యాగు కంటే ముందు సర్దాల్సినవి



వార్షిక పరీక్షలు ముగింపుకొచ్చాయి. స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో పేరు ఇచ్చిన పిల్లలు ఈ సెలవుల్లో వారం రోజుల శిబిరానికి బయలుదేరబోతున్నారు. శిబిరం సర్క్యులర్ ఇంటికి చేరిన మర్నాటి నుంచి మాకు వచ్చే ఫోన్లలో సగం బ్యాగు గురించే ఉంటాయి. స్లీపింగ్ బ్యాగు కొనాలా, ట్రాలీ సూట్‌కేసు తేవచ్చా, ఏ కంపెనీ షూ మంచిది? ఇవన్నీ ఒక్క సాయంత్రం బజారుకెళ్తే తేలిపోయే సంగతులు. ఖరీదైన షూ లేదని శిబిరంలో ఏడ్చిన పిల్లల్ని మేం ఇంతవరకూ చూడలేదు. జడ వేసుకోవడం రాక, ఒక్క బకెట్ నీళ్లతో స్నానం ముగించడం తెలియక, ఇండియన్ టాయ్‌లెట్ అలవాటు లేక మూడు రోజులు కడుపు బిగబట్టుకున్న పిల్లల్ని మాత్రం దాదాపు ప్రతి శిబిరంలోనూ చూస్తాం. అందుకే ఈ నెల బ్యాగు సంగతి చివరికి నెట్టి, దానికంటే ముందు ఇంట్లో జరగాల్సిన పనుల గురించి చెప్పుకుందాం.

ఇది విహారయాత్ర లాంటిది కాదు

స్కౌటింగ్ మొదలైందే వారం రోజుల శిబిరంతో. 1907 ఆగస్టులో బేడెన్ పావెల్ అనే బ్రిటిష్ సైనికాధికారి సుమారు 20 మంది అబ్బాయిలను వెంటబెట్టుకుని ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని బ్రౌన్‌సీ అనే చిన్న దీవికి వెళ్లాడు. వాళ్లలో సంపన్నుల బడుల్లో చదివేవాళ్లూ, కూలినాలి చేసుకునేవారి పిల్లలూ ఉన్నారు. ఎవరి బిడ్డ ఎవరన్నది పక్కన పెట్టి అందరినీ నాలుగు జట్లుగా కలిపేశాడు. ఒక్కో జట్టుకు వాళ్లలోనే ఒకరిని నాయకుడిగా నిలబెట్టాడు. మన దేశంలో 1950లో ఏర్పడిన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో నేటికీ అదే పద్ధతి. ఆరు నుంచి ఎనిమిది మంది ఒక పెట్రోల్. (పిల్లలు ‘మా పెట్రోల్’ అంటే బండిలో పోసేది అనుకోకండి, ఇదే.) లీడర్ కూడా ఆ పిల్లల్లో ఒకరే.

టెంటు వేయడం, చుట్టూ ఊడవడం, వంట, గిన్నెలు తోమడం, రాత్రి కాపలా వంతులు, అన్నీ పెట్రోల్ చేసుకోవాలి. మాస్టర్లు నేర్పుతారు, పక్కనుండి కనిపెట్టుకుంటారు. కానీ చేసిపెట్టరు. ఉదయం 5 గంటలకు లేవడంతో రోజు మొదలవుతుంది. బీపీ సిక్స్ అని పిలిచే ఆరు వ్యాయామాలు, స్నానాలు, టెంటు తనిఖీ, జెండా వందనం, ఆ తర్వాత ముడులు, ప్రథమ చికిత్స, దిక్సూచి, మ్యాపు. ఎండ ముదిరే వేళకు నీడలో పని. సాయంత్రం ఆటలు, రాత్రి క్యాంప్ ఫైర్. ద్వితీయ సోపాన్ పిల్లలైతే రెండు అగ్గిపుల్లలకు మించి వాడకుండా కట్టెల పొయ్యి వెలిగించి, ఆరుబయట రెండు సాదా వంటలు చేసి చూపాలి. ఇంట్లో అగ్గిపెట్టె ముట్టుకోనివ్వని పిల్లలకు ఇది ఎంత పెద్ద పనో మీరే ఊహించుకోండి.

‘దీనికి సర్టిఫికెట్ ఉంటుందా, ఫౌండేషన్ క్లాసులు వారం పోతాయి కదా’ అని అడిగేవారు ఉంటారు. అడగడంలో తప్పు లేదు. ప్రవేశ్ నుంచి తృతీయ సోపాన్ దాకా మెట్లు ఎక్కి, రాజ్యపురస్కార్, ఆపైన రాష్ట్రపతి అవార్డు అందుకున్న పిల్లలకు దాని విలువ దానికుంది. రైల్వే నియామకాల్లో స్కౌట్స్ అండ్ గైడ్స్ కోటా కూడా ఉంది. అయితే అది చాలా దూరం మాట. ఏడో తరగతి పిల్లవాడిని కోటా కోసం శిబిరానికి పంపితే మొదటి వాన జల్లుకే వాడి ఉత్సాహం చల్లారిపోతుంది. పంపే కారణం ఏమిటో ముందు ఇంట్లో పెద్దలు తేల్చుకోండి. ఆ తర్వాత పిల్లల్ని అడగండి. ‘వెళ్తావా?’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పే అవకాశం దొరికిన పిల్లలు శిబిరంలో తొందరగా కుదురుకుంటారు.

ఇంట్లో రెండు వారాల రిహార్సల్

బయలుదేరే తేదీకి సరిగ్గా రెండు వారాల ముందు ఇంట్లో చిన్న రిహార్సల్ మొదలుపెట్టండి. దీనికి పైసా ఖర్చు లేదు. అమ్మమ్మ, నానమ్మల జోక్యం మాత్రం కొంచెం ఉంటుంది, దాన్ని మీరే సర్దిచెప్పుకోవాలి.

మొదటిది నిద్ర. ఏసీ గదిలో మంచం మీద పడుకునే పిల్లలకు చాప, పలుచటి దుప్పటి, ఫ్యాను లేని గాలి కొత్త. వారంలో రెండు మూడు రాత్రులు డాబా మీదో, హాల్లో నేల మీదో పడుకోనివ్వండి. దోమల మందు తనే రాసుకోవాలి, పొద్దున పక్క తనే మడత పెట్టాలి. వీలైతే ఒక రాత్రి బాబాయి ఇంట్లోనో, పిన్ని ఇంట్లోనో మీరు లేకుండా ఉంచండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, బెంగ గురించి కింద చెప్పబోయే మాటలన్నింటికంటే ఎక్కువ పని చేస్తుంది.

రెండోది బాత్రూము. ఇది రాయడానికి మొహమాటపడాల్సిన పని లేదు. మన పిల్లల్లో చాలామంది కమోడ్ తప్ప మరొకటి ఎరగరు. శిబిరంలో ఉండేవి ఎక్కువగా ఇండియన్ టాయ్‌లెట్లు. గొంతు కూర్చోలేక, బయట క్యూ ఉందన్న సిగ్గుతో ఆపుకుంటారు. నీళ్లు తాగితే మళ్లీ వెళ్లాల్సి వస్తుందని నీళ్లు కూడా మానేస్తారు. వేసవిలో ఇది నేరుగా వడదెబ్బకు దారి. ఊళ్లో తాతగారింట్లోనో, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గది దగ్గరో ఇండియన్ టాయ్‌లెట్ ఉంటే నాలుగు రోజులు అలవాటు చేయండి. షవర్ కట్టేసి ఒక బకెట్, ఒక మగ్గు ఇచ్చి స్నానం చేయమనండి. అరబకెట్‌తో ముగించగలిగితే వారికి శిబిరంలో తిరుగులేదు.

ఇక చిన్న చిన్న పనులు. ఆడపిల్లలకు తమ జడ తాము వేసుకోవడం రావాలి. ఎంత చెప్పినా గైడ్ క్యాప్టెన్ ఒక్కరే ముప్పై జడలు వేయలేరు కదా. రాకపోతే ఈ సెలవుల మొదట్లోనే జుట్టు కాస్త కత్తిరించడం మేలు. మేజోళ్లు, లోదుస్తులు సబ్బుతో ఉతికి పిండి ఆరేసుకోవడం, పప్పు కడగడం, ఉల్లిపాయ తరగడం, తిన్న కంచం తోమడం, సూదిలో దారం ఎక్కించి గుండీ కుట్టడం మగపిల్లలకైనా ఆడపిల్లలకైనా ఒకటే. మొదటి రోజు ఉల్లిపాయ అడ్డదిడ్డంగా వస్తుంది. ‘ఇలా ఇవ్వు, నేను చేస్తా’ అని కత్తి లాక్కోకండి. ఆ ఉల్లిపాయతోనే కూర వండండి.

పదేళ్లు దాటిన ఆడపిల్ల తల్లులకు ఒక మాట. పాపకు నెలసరి ఇంకా మొదలు కాకపోయినా, శిబిరంలో మొదలు కావచ్చు. బయలుదేరే ముందు దాని గురించి చెప్పి, ప్యాడ్ ఎలా వాడాలో, వాడింది ఎలా చుట్టి పారేయాలో చూపించి, ఒక చిన్న సంచిలో ప్యాడ్లు, లోదుస్తులు విడిగా పెట్టండి. గైడ్ క్యాప్టెన్ ఎవరో, ఏ వేళైనా ఆమెను లేపవచ్చని కూడా పాపకు చెప్పండి.

బెంగ

బెంగ జబ్బు కాదు, పిరికితనం కూడా కాదు. పన్నెండేళ్ల పిల్లవాడికి మూడో రాత్రి అమ్మ గుర్తొచ్చి కళ్లు చెమర్చాయంటే ఇంట్లో ప్రేమగా పెరిగాడని అర్థం. ఇది పగలంతా కనిపించదు. పొద్దు వాలాక, పక్క వేసుకునేటప్పుడు వస్తుంది. చేతికి పని లేని సమయంలో వస్తుంది. చాలామందికి మొదటి రెండు మూడు రోజులు గడిస్తే సర్దుకుంటుంది. రెండు రోజుల శిబిరంలో పిల్లలు బెంగ పడి ఇంటికొచ్చేస్తారు. వారం రోజుల శిబిరంలో బెంగ పడి, దాన్ని దాటి, ఆడుకుని వస్తారు. వారం పెట్టడం వెనుక ఉన్న పెద్ద లాభం ఇదేనని నా అభిప్రాయం.

మీరు చేయకూడని పని ఒకటుంది. స్టేషన్లో, బస్సు దగ్గర కళ్లు తుడుచుకుంటూ, ‘నచ్చకపోతే ఒక్క ఫోన్ చెయ్యి నాన్నా, వెంటనే వచ్చి తీసుకెళ్తాం’ అని మాట ఇవ్వకండి. ప్రేమతో అన్న మాటే, కానీ పిల్లలు దాన్ని వేరేగా వింటారు. ‘నేను ఉండలేనని అమ్మానాన్నలే అనుకుంటున్నారు’ అని వాళ్లకు అర్థమవుతుంది. మొదటి చిన్న కష్టానికే ఆ మాట గుర్తొస్తుంది. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2007లో ఇంటి బెంగ మీద వెలువరించిన నివేదిక కూడా ఈ రకం ఒప్పందాలు వద్దనే చెప్పింది. పిల్లల్ని నిర్ణయంలో భాగం చేయమనీ, ముందుగా ఇంటికి దూరంగా కొన్ని రాత్రులు గడిపించమనీ అందులో ఉంది. మరి ఏం చెప్పాలి? ‘బెంగగా అనిపిస్తే అనిపించనీ. మంచినీళ్లు తాగు, పెట్రోల్ లీడర్‌కు చెప్పు, లేదా సార్‌కు చెప్పు. పొద్దున్నకు తగ్గుతుంది’ అనండి. నిజం కూడా అదే.

శిబిరంలో పిల్లల దగ్గర ఫోన్లు ఉండవు. ‘రోజుకు ఒక్క నిమిషం గొంతు వినిపించండి’ అని చాలామంది అడుగుతారు. ఆటలో మునిగి హాయిగా ఉన్న పిల్లవాడు సాయంత్రం అమ్మ గొంతు వినగానే భోరుమనడం, అది విని అమ్మ ఏడవడం, ఆ రాత్రి రెండు చోట్లా నిద్ర లేకపోవడం మాకు బాగా తెలిసిన కథ. రోజూ రాత్రి వాట్సాప్ గ్రూపులో క్షేమ సమాచారం, నాలుగు ఫొటోలు పెడతాం. మీ అబ్బాయి ముఖం ఆ ఫొటోల్లో లేకపోతే కంగారు పడకండి. ఫొటోకు దొరకనివాళ్లు సాధారణంగా ఎక్కడో చెట్టెక్కి ఉంటారు. ఏదైనా నిజంగా జరిగితే మేమే ముందు ఫోన్ చేస్తాం, గ్రూపులో పెట్టం.

ఫోనుకు బదులు ఉత్తరం రాయండి. బ్యాగులో బట్టల మధ్య పెట్టి, ‘బుధవారం చదువుకో’ అని పైన రాయండి. అందులో ‘నువ్వు లేక ఇల్లు బోసిపోయింది, నానమ్మ అన్నం తినడం లేదు’ అని రాయకూడదు. ‘మన వీధి కుక్కకు నాలుగు పిల్లలు పుట్టేలా ఉన్నాయి, నువ్వొచ్చాక పేర్లు పెడదాం. అక్కడ ఏం వండారో గుర్తుపెట్టుకుని వచ్చి చెప్పు’ అని రాయండి. చిరునామా రాసిన పోస్టు కార్డులు రెండు కూడా ఇవ్వండి. కార్డు కంటే పిల్లవాడే ముందు ఇల్లు చేరినా ఫర్వాలేదు, తన అక్షరాలు తనకే అందడం వాళ్లకు భలే సరదా.

ఫారంలో దాచకండి

ఇది ఈ వ్యాసంలో అన్నింటికంటే ముఖ్యమైన భాగం. ఆరోగ్య వివరాల ఫారంలో ‘ఏమైనా సమస్యలు ఉన్నాయా’ అన్నచోట ఎక్కువమంది ‘లేవు’ అని ఒక గీత గీసి సంతకం పెడతారు. చిన్నప్పుడు వచ్చిన ఫిట్స్, ఆయాసం, వేరుసెనగ పడకపోవడం, నిద్రలో నడవడం, షుగర్‌కు ఇన్సులిన్ తీసుకోవడం, ఇవన్నీ ఆ గీత కింద దాగిపోతాయి. శిబిరానికి తీసుకెళ్లరేమో, పదిమందికీ తెలిసిపోతుందేమో, ముఖ్యంగా ఆడపిల్ల విషయం కదా అన్న భయం మాకు అర్థమవుతుంది. కానీ ఒక్కసారి ఆలోచించండి. దగ్గరలోని ఆసుపత్రికి గంట ప్రయాణం ఉన్నచోట, రాత్రి పూట, పిల్లవాడికి ఏమవుతోందో తెలియని మాస్టరు ఒక్కడే పక్కన ఉంటాడు. తెలిసి ఉంటే ఏ మందు, ఏ పక్కకు పడుకోబెట్టాలి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నీ ముందే సిద్ధం చేసుకుంటాడు. మీరు రాసింది శిబిరం బాధ్యులు తప్ప మరెవరూ చదవరు. ఫారంలో రాయడం ఇష్టం లేకపోతే వచ్చి చెవిలో చెప్పండి, చాలు.

పక్క తడపడం కూడా అంతే. పదేళ్ల వయసులో సుమారు 5 శాతం పిల్లలకు ఈ ఇబ్బంది ఉంటుంది. అంటే 60 మంది శిబిరంలో ముగ్గురు ఉన్నా వింత లేదు. చెబితే పడుకునే ముందు ఒకసారి, రాత్రి 11 గంటలకు మరోసారి మెల్లగా లేపుతాం. ఒక ప్లాస్టిక్ షీటు, అదనంగా ఒక దుప్పటి పంపండి. తోటి పిల్లలకు తెలియకుండా చూసుకోవడం మా పని.

మందులు చీటీతో సహా జిప్ కవర్లో పెట్టి, బయలుదేరే రోజు మాస్టరు చేతికే ఇవ్వండి, బ్యాగు అడుగున వద్దు. ఆయాసం ఉన్న పిల్లల ఇన్‌హేలర్ మాత్రం వాళ్ల జేబులోనే ఉండాలి. ధనుర్వాతం టీకా కార్డు ఒకసారి చూడండి. జాతీయ టీకాల పట్టికలో 10 ఏళ్లకు, 16 ఏళ్లకు టీడీ ఇంజెక్షన్ ఉంది. స్కూలు అడ్మిషన్ తర్వాత ఆ కార్డు తీసి చూసేవాళ్లు తక్కువ. ముల్లు, మేకు గుచ్చుకునే చోటుకు వెళ్తున్నారు కాబట్టి ఇప్పుడు చూడటం మంచిది. ఫారంలో ఇచ్చే ఫోన్ నంబరు అర్ధరాత్రి కూడా ఎత్తేది అయి ఉండాలి. నాన్న దుబాయ్‌లోనో, డల్లాస్‌లోనో ఉంటే మామయ్య నంబరు కూడా ఇవ్వండి.

‘ఈత వచ్చా?’ అన్న గడిలో నిజం రాయండి. స్విమ్మింగ్ పూల్‌లో నెల రోజుల కోచింగ్ తీసుకుంటే చెరువులో, వాగులో ఈత వచ్చినట్టు కాదు. అక్కడ లోతు కనిపించదు, కాలికి నేల దొరకదు. మాస్టరు లేకుండా మోకాలి లోతు నీళ్లలోకి కూడా దిగకూడదని ఇంట్లో గట్టిగా చెప్పి పంపండి. ఎక్కడికి వెళ్లినా ఇద్దరిద్దరుగా జోడీగానే వెళ్లాలన్నది మా నియమం.

పిల్లలకు మరో మాట కూడా చెప్పాలి. ఏ పెద్దవాళ్లయినా, సార్ అయినా, సీనియర్ అయినా, తాకడంలో గానీ మాటలో గానీ ఇబ్బంది పెడితే ‘వద్దు’ అనవచ్చని, వెంటనే మరో పెద్దవారికి చెప్పవచ్చని, ఇంటికొచ్చి చెప్పినా మీరు నమ్ముతారని వాళ్లకు తెలియాలి. మా సిబ్బందిలో ఎవరూ ఒక పిల్లవాడితో లేదా పాపతో ఒంటరిగా టెంటులో ఉండరాదన్న నిబంధన ఉంది. అయినా ఈ సంభాషణ మీ ఇంట్లో జరగాల్సిందే.

ఎండ

వేడికి అలవాటు పడటానికి శరీరానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఏసీ గది నుంచి ఏసీ బస్సు ఎక్కి నేరుగా మైదానంలో దిగితే మొదటి రెండు రోజులూ తలనొప్పి, వాంతులే. కాబట్టి ఇప్పటి నుంచే ఉదయం, సాయంత్రం ఒక గంట బయట ఆడుకోనివ్వండి. దాహం వేయకముందే తాగే అలవాటు చేయండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు నాలుగు పంపండి. కొనేటప్పుడు ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. తియ్యటి పండ్ల రసాల డబ్బాలు ఏళ్ల తరబడి ఆ పేరుతో అమ్ముడుపోయాయి. హైదరాబాద్‌కు చెందిన ఒక పిల్లల వైద్యురాలు పట్టుబట్టి పోరాడాక 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, ఆ ఫార్ములా లేని పానీయాలు ‘ఓఆర్‌ఎస్’ పేరు వాడకూడదని ఆదేశించింది. పెద్ద ప్యాకెట్‌ను ఒక లీటరు నీళ్లలో మొత్తం కలపాలి. గ్లాసులో చిటికెడు వేసుకుని తాగితే లాభం లేదు. ఈ లెక్క పిల్లలకు నేర్పండి.

ఇక బ్యాగు

ట్రాలీ సూట్‌కేసు వద్దు, ఇసుకలో, మట్టిలో చక్రాలు దొర్లవు. భుజాన వేసుకునే ఒకే బ్యాగు, పిల్లలు తామే ఎత్తి వంద అడుగులు నడవగలిగినంత బరువు. జాబితా సర్క్యులర్‌లో ఉంది కాబట్టి మళ్లీ రాయను. సర్దడం మాత్రం పిల్లలే సర్దాలి, మీరు కుర్చీలో కూర్చుని జాబితా చదవండి. అమ్మ సర్దిన బ్యాగులో టార్చి ఎక్కడుందో పిల్లలకు తెలియదు, చీకట్లో మొత్తం బోర్లిస్తారు. ప్రతి వస్తువు మీద పేరు రాయించండి. ఏడో రోజు సాయంత్రం మా దగ్గర మిగిలే యజమాని లేని టవళ్ల గుట్ట చూస్తే ఎందుకు చెబుతున్నామో తెలుస్తుంది. కొత్త షూ కొంటే ఇప్పుడే కొని రెండు వారాలు తొడిగించండి. స్కార్ఫ్ మర్చిపోకండి, అది యూనిఫాం అలంకారమే కాక, చేయి విరిగితే కట్టు కట్టే త్రికోణపు గుడ్డ కూడా. బంగారం, ఖరీదైన వాచీలు వద్దు.

తినుబండారాల విషయంలో ఏటా చిన్నపాటి యుద్ధం జరుగుతుంది. దాచుకుని తినే చాక్లెట్లు టెంటులోకి చీమల్ని, ఎలుకల్ని, వాటి వెనుక పాముల్ని కూడా పిలుస్తాయి. పంపాలనుకుంటే పెట్రోల్ మొత్తానికి సరిపడా సున్నుండలో, జంతికలో, ఒక ఆవకాయ సీసానో పంపండి, వంటశాలలో పెడతాం. ఎనిమిది మంది పంచుకున్న ఆవకాయ శిబిరంలో చేసిన స్నేహాలకు మొదటి కారణం కావడం మేం చూశాం.

తిరిగొచ్చాక

మొదటి రోజు ప్రశ్నలు వేయకండి. తిని, నిద్రపోనివ్వండి. ‘బాగుందా?’ అని అడిగితే ‘ఆఁ’ అనే వస్తుంది. ‘మీ పెట్రోల్‌లో గురక ఎవరిది?’ అని అడిగి చూడండి, గంటసేపు ఆపరు. శిబిరంలో నేర్చిన వంట ఒకటి ఇంట్లో చేస్తానంటే వంటగది వదిలేయండి, తర్వాత తుడిపించే బాధ్యత కూడా వాళ్లకే ఇవ్వండి.

మూడు వారాల పాటు ఒక విషయం గమనించండి. జ్వరం వస్తే సాధారణ జలుబు అనుకుని ఇంట్లో ఉన్న సిరప్ పోయకుండా డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లి, ‘చెట్లు, గడ్డి ఉన్నచోట శిబిరానికి వెళ్లొచ్చాడు’ అని తప్పక చెప్పండి. మలేరియా, డెంగీ, స్క్రబ్ టైఫస్ శిబిరం ముగిసిన తర్వాత కొన్ని రోజులకు గానీ బయటపడవు. స్క్రబ్ టైఫస్‌లో చంకల్లో, గజ్జల్లో, నడుము దగ్గర కాలిన మచ్చలాంటి నల్లటి పెచ్చు కొందరిలో కనిపిస్తుంది, స్నానం చేసేటప్పుడు చూసుకోమనండి. అలాంటిది కనిపించినా, జ్వరం మూడు రోజులు దాటినా, డాక్టరుతో పాటు మాకు కూడా ఒక ఫోన్ చేయండి. అదే టెంటులో పడుకున్న మిగతా ఏడుగురి ఇళ్లకు మేం వెంటనే చెప్పాలి.